పటేల్ షాట్, సంఘం షాట్: జహీరాబాద్ మహిళల దృశ్యమాధ్యమ కృషి

కెమెరా కోణాలకు జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళలు తమవైన పేర్లు పెట్టుకొన్నారు. పైనుంచి కిందికి చూసేది ‘పటేల్ షాట్’. కిందినుంచి పైకి చూసేది బానిస చూపు. ఎదుటి మనిషి కళ్ల ఎత్తున కెమెరా నిలిపితే అది ‘సంఘం షాట్’. కింది కోణం ఎదుటివారిని ఘనంగా చూపుతుందని చలనచిత్ర పాఠ్యగ్రంథాలూ చెబుతాయి. అయితే అక్కడి చర్చ తెరమీది పాత్ర గురించి. ఇక్కడి ప్రశ్న కెమెరా పట్టిన మనిషి ఎక్కడ నిలబడ్డదన్నది. దొర గడప ముందు తలెత్తి మాట్లాడలేని అనుభవం నుంచి పుట్టిన పరిభాష ఇది. దీనిని సౌందర్యశాస్త్ర భావనగా పరిగణించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

నాటి మెదక్, నేటి సంగారెడ్డి జిల్లాలోని పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో ఏర్పడింది. దాని గ్రామ సంఘాలలోని స్త్రీలు అధికంగా దళితులు, సన్నకారు రైతులు. జొన్న, కొర్ర, కంది వంటి మెట్టపంటల విత్తనాలను ఇంట్లోనే కాపాడుకొనేవారు. 1990ల చివర వీరిలో కొందరు వీడియో చిత్రీకరణ నేర్చుకొన్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. హుమ్నాపూర్ లక్ష్మమ్మ వంటి పేర్లలో ఇంటిపేరు స్థానంలో ఊరిపేరు నిలవడం నామవిజ్ఞాన పరిశోధకులకు ఆసక్తి కలిగించే విషయమే.

బీటీ పత్తి వాణిజ్య సాగుకు 2002 మార్చిలో కేంద్ర అనుమతి లభించింది. ఆ ఖరీఫ్‌లో వరంగల్ రైతులు వేసిన పైరును ఈ బృందం కెమెరాతో అనుసరించింది. వరంగల్ రైతులు బీటీ పత్తిపై ఎందుకు ఆగ్రహించారన్న ప్రశ్ననే శీర్షికగా 2003లో చిత్రం వెలువడింది. ఒక్కసారి వెళ్లి అభిప్రాయాలు సేకరించే వార్తాచిత్ర పద్ధతి ఇది కాదు. అవే చేలకు, అవే మనుషుల వద్దకు మళ్లీ మళ్లీ వెళ్లడం వల్ల పంటకాలమే కథన నిర్మాణమైంది. రైతు ఆశ నిరాశగా మారిన క్రమాన్ని వ్యాఖ్యానం చెప్పనక్కరలేదు, ఋతువే చెబుతుంది. అడిగేవారూ సేద్యం చేసేవారే కనుక ప్రశ్నలు విత్తనం, పురుగు, అప్పు చుట్టూ సహజంగా తిరుగుతాయి. 2005లో మూడు బీటీ సంకర రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగింపు లభించలేదు. దానికి ఈ చిత్రమే కారణమనడం అతిశయోక్తి. ఆ వివాదంలో రైతుల సాక్ష్యాన్ని నమోదు చేసిందనడం న్యాయం.

ఇటువంటి కృషిని ‘అభివృద్ధి ప్రసారం’ అన్న అరలో పెట్టి విమర్శకులు ఊరకుండడం పరిపాటి. ఆ అరలో ప్రయోజనాన్నే కొలుస్తారు, రూపాన్ని చూడరు. జానపద గేయాన్ని సమాచారంగా వాడుకొని, కట్టినవారిని కవులుగా గుర్తించని పాత అలవాటుకు ఇది కొనసాగింపేనని నా అభిప్రాయం.

రేడియో విషయంలో ఇదే దృష్టి ధ్వనిరూపం దాల్చింది. మాచ్‌నూర్‌లో స్టూడియో 1990ల చివరికే సిద్ధమైనా, ప్రసారానికి అనుమతి లేదు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పునిచ్చినా, స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో అవకాశం 2006 విధానంతోనే కలిగింది. సంఘం రేడియో 2008 అక్టోబరులో ప్రసారాలు ప్రారంభించింది. నడుమనున్న దాదాపు పదేళ్లూ జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ తదితరులు పాటలను, విత్తనాల ముచ్చట్లను రికార్డు చేస్తూనే ఉన్నారు. ఆ క్యాసెట్లను సంఘం సమావేశాలలో వినిపించేవారు. విన్నవారు అక్కడికక్కడే బదులు చెప్పగలిగేవారు.