మంచు స్తూపం లెక్క

లడఖ్‌లో నీటి ఎద్దడి ఏడాది పొడుగునా ఉండదు. ఏప్రిల్, మే నెలల్లోనే గొంతు పట్టుకుంటుంది. బార్లీ విత్తేది అప్పుడు. కొండ మీది మంచు బాగా కరిగి వాగులు నిండేది జూన్‌లో. లేహ్ పట్నం దాదాపు 3500 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాది వాన 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది చలి ఎడారి. చలికాలంలో వాగులో పారే కాస్త నీరూ ఎవరికీ అక్కరలేక సింధునదిలో కలిసిపోతుంది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే రాబడి ఒక నెల, ఖర్చు ఇంకో నెల, మధ్యలో దాచుకునే ఖాతా లేదు.

ఆ ఖాతా మొదట తెరిచినవారు చెవాంగ్ నోర్ఫెల్. గ్రామీణాభివృద్ధి శాఖలో సివిల్ ఇంజనీరు. చెట్ల నీడన మెల్లగా పారే నీరు గడ్డకట్టడం, వేగంగా పారేది గడ్డకట్టకపోవడం ఆయన కంట పడింది. 1987లో ఫుక్త్సే ఊరి దగ్గర వాగును పక్కకు మళ్ళించి, రాతి అడ్డుకట్టలతో నెమ్మదింపజేసి, మంచు పలకలుగా నిలిపారు. ఊరివాళ్ళే రాళ్ళు మోశారు. దానికి కొండ నీడా, మంచి ఎత్తూ ఉండాలి. అవి లేని ఊళ్ళకు దారి లేదు.

ఆ దారి 2013లో సోనమ్ వాంగ్‌చుక్ చూపారు. మే నెలలో ఒక వంతెన కింద కరగకుండా మిగిలిన మంచును చూశారాయన. ఎత్తు తక్కువైనా పరవాలేదు, ఎండ తగలకపోతే చాలు. నీడ లేనిచోట ఏం చెయ్యాలి? మంచునే నిలువుగా పోగెయ్యాలి. శంకువు ఆకారంలో పోగైన మంచుకు, పరిమాణంతో పోల్చితే, ఎండ తగిలే ఒళ్ళు తక్కువ.

పని తీరు ఇది. వాగు ఎగువ నుంచి నేలలో పూడ్చిన గొట్టంలో నీటిని దింపుతారు. దిగువన గొట్టాన్ని నిలబెడితే ఆ నీరు తన ఒత్తిడితోనే పైకి చిమ్ముతుంది. పంపు లేదు, కరెంటు లేదు. రాత్రి సున్నాకు 20 డిగ్రీల దిగువ చలిలో తుంపరలు నేలకు చేరేలోపే గడ్డకడతాయి. గుట్ట పెరిగినకొద్దీ గొట్టాన్ని పొడుగు చేస్తారు. మొదటి నమూనా సుమారు 6 మీటర్లు, లక్షన్నర లీటర్ల నీరు. 2014 మే 18 దాకా నిలిచింది.

తరువాతి శీతాకాలంలో ఫ్యాంగ్ దగ్గర జనం చందాలతో, దాదాపు 1,25,000 డాలర్లతో, 2.3 కిలోమీటర్ల గొట్టం వేశారు. స్తూపం 20 మీటర్లు లేచింది, 2015 జూలై మొదటికి గానీ పూర్తిగా కరగలేదు. దాని నీళ్ళతో సుమారు 5000 మొక్కలు బతికాయి. మా రుణం ఫారంలో దీనికి తనఖా ఏం రాయాలో నాకిప్పటికీ తోచదు. ఏటేటా ఆస్తి కరిగిపోతేనే వడ్డీ వస్తుంది!

స్తూపం అంటే మనకు అమరావతి. దాని రాళ్ళు మద్రాసుకూ లండన్‌కూ పోయాయి. ఇక్కడ తరలించుకుపోవడానికి ఏమీ మిగలదు. ఆ ఆకారం మాత్రం లడఖ్ బౌద్ధులకు ఇంటి మనిషి లాంటిది, అందుకే ఆ పేరు.

నోర్ఫెల్‌కు 2015లో పద్మశ్రీ, వాంగ్‌చుక్‌కు 2016లో రోలెక్స్ అవార్డు వచ్చాయి. పేరు రెండోవారికే ఎక్కువ వచ్చింది. పునాది మొదటివారిదని నా అభిప్రాయం.

తగవు కూడా వచ్చింది. చలికాలం నీళ్ళు పైన ఆపేస్తే మా గతేమిటని దిగువనున్న ఫే ఊరివాళ్ళు అడిగారు. మన చెరువుల కింద నీరుగంటి ఉన్నట్టు లడఖ్ ఊళ్ళలో చుర్పోన్ ఉంటాడు, పంట కాలంలో నీళ్ళు పంచుతాడు. చలికాలం నీళ్ళు ఎవరికీ పనికిరాని రోజుల్లో వాటికి వాటాలు కట్టవలసిన అవసరమే ఆయనకు రాలేదు.