తప్పొప్పుల పట్టికకు అందని తప్పులు: లినక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో భాషా పరిష్కరణ

పాత తెలుగు పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉండేది. ఎడమ పక్క తప్పు, కుడి పక్క ఒప్పు. లినక్స్ కెర్నల్ సోర్సులో స్క్రిప్ట్స్ డైరెక్టరీ తెరిస్తే అచ్చం అలాంటి పట్టికే కనిపిస్తుంది. దాని పేరు స్పెల్లింగ్ డాట్ టీఎక్స్‌టీ. ప్రతి పంక్తిలో ముందు తప్పు రూపం, తర్వాత రెండు నిలువు గీతలు, ఆపైన సరైన రూపం. మొదట డెబియన్ అనే లినక్స్ పంపిణీ వారి లింటియన్ అనే పరికరం నుంచి తెచ్చుకున్న జాబితా ఇది. కెర్నల్‌లో నిజంగా దొరికిన తప్పులను చేరుస్తూ, ఒప్పును తప్పుగా చూపించే మాటలను తీసేస్తూ దాన్ని పెంచారు. ఎవరైనా ఒక మార్పు (ప్యాచ్) పంపబోయేముందు చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు నడిపితే, అది ఆ మార్పును ఈ పట్టికతో పోల్చి హెచ్చరిస్తుంది. ‘లెంగ్త్’ చివర టీ, హెచ్ తారుమారైనా, ‘రిసీవ్’ నడుమ ఈ, ఐ స్థానాలు మారినా, ‘అకర్డ్’లో రెండు ఆర్‌లకు బదులు ఒక్కటే పడినా దొరికిపోతాయి.

ముద్రారాక్షసాల్లో ఇవి చిన్నవి. పట్టికకు అందని పెద్ద రాక్షసాలు వేరే ఉన్నాయి. అక్షరాలన్నీ సరిగానే ఉండి, వాక్యం రెండు అర్థాలిచ్చే చోట్లు అవి. వాటిని పట్టుకోగల పాఠకులు ఎవరన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. నా జవాబు: ఇంగ్లిషును మాట మాటగా విప్పుకుని చదివేవారు. అంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి ఊళ్లలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠాన్ని ఇంగ్లిషులో ఎదుర్కొన్న విద్యార్థులు.

ఈ మూడు ఊళ్లూ ఉమ్మడి నల్లగొండ జిల్లావి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట వేరు జిల్లా అయినప్పుడు కోదాడ అందులోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్లగొండలో మిగిలింది. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీదివి. మిర్యాలగూడ సాగర్ ఎడమ కాలువ నీళ్ల మీద, రైస్ మిల్లుల మీద పెరిగిన ఊరు. ఇక్కడి పిల్లలకు ఇంగ్లిషు ఇంట్లో మాట్లాడే భాష కాదు, పుస్తకంలోంచి నేర్చుకున్న భాష. దీన్ని లోటుగానే లెక్కేయడం మనకు అలవాటు. డాక్యుమెంటేషన్ పరిష్కరణ విషయంలో మాత్రం ఇది బలం కూడా.

కెర్నల్ మాటే రెండు రకాలు

అచ్చుతప్పులు దిద్దడం గురించి కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే రెండు చోట్ల రెండు వైఖరులు కనిపిస్తాయి. కొత్తవారికి అభివృద్ధి పద్ధతిని వివరించే మార్గదర్శిలో, చాలామంది స్పెల్లింగ్ తప్పులతోనో, కోడ్ రాసే శైలిలోని చిన్న లోపాలతోనో మొదలుపెడతారని, అలాంటి ప్యాచ్‌లు అందరి దృష్టినీ చెదరగొట్టే రణగొణధ్వనిగా మారుతున్నాయని, అందుకే వాటిని రానురాను చిన్నచూపు చూస్తున్నారని ఉంది. అదే మార్గదర్శి కెర్నల్ డెవలపర్ ఆండ్రూ మోర్టన్ సలహానూ ఇస్తుంది: మీ చేతికందే ప్రతి యంత్రం మీదా కెర్నల్ సరిగ్గా నడిచేలా చూసుకోవడమే కొత్తవారి మొదటి పని కావాలని.

రెండోది డాక్యుమెంటేషన్‌కు తోడ్పడటం ఎలాగో చెప్పే పుట. ఆ విభాగాన్ని చూసుకునే జొనాథన్ కార్బెట్ రాసింది. 1998లో ఎల్‌డబ్ల్యుఎన్ అనే లినక్స్ వార్తల వెబ్ పత్రికను మొదలుపెట్టినవారిలో ఆయన ఒకరు. అచ్చుతప్పులు దిద్దడం పనికొచ్చే సేవేనని, అలాంటి ప్యాచ్‌లను తానెప్పుడూ తీసుకుంటానని ఆయన అంటారు. అయితే కొన్ని దిద్దాక పై పనులకు వెళ్లమంటారు, తర్వాత వచ్చే కొత్తవారికి కొన్ని తప్పులు మిగల్చమంటారు. నాకు ఈ చివరి మాట బాగా నచ్చింది. పంట కోసుకుపోయిన మడిలో పరిగె ఏరుకునేవారి కోసం నాలుగు కంకులు వదిలేసే పెద్దమనసు అది.

ఈ రెండు మాటలకూ నిజంగా వైరుధ్యం లేదని నా అభిప్రాయం. మొదటిది కోడ్‌లోని వ్యాఖ్యలకు బాగా వర్తిస్తుంది. వ్యాఖ్యలో ఒక్క అక్షరం మార్చినా ఆ పంక్తి చరిత్రలో మీ పేరు చేరుతుంది, పాత కెర్నల్‌లోకి సవరణలు తీసుకెళ్లేవారికి అడ్డం తగులుతుంది. డాక్యుమెంటేషన్ ఫైళ్లలో ఆ ఖర్చు చాలా తక్కువ, చదివేవారికి లాభం ఎక్కువ.

ఆ లాభం అందరికీ ఒకేలా అందదు. ‘రిసీవ్’ తప్పుగా పడితే ఇంగ్లిషు మాతృభాష అయినవారి కన్ను ఆగదు, మాట మొత్తాన్ని బొమ్మలా పట్టేస్తుంది. మన విద్యార్థి ఆగుతాడు. ఇది తనకు తెలియని మరో మాటేమోనని నిఘంటువు వెతుకుతాడు, దొరకదు. కెర్నల్‌లో తెలియని మాటలకు కొదవలేదు కాబట్టి ఆ అనుమానం సహజమే. పైగా డాక్యుమెంటేషన్‌ను చాలామంది మొదటి పుట నుంచి చదవరు, గ్రెప్ అనే పరికరంతో కావాల్సిన మాట వెతికి చదువుతారు. తప్పు స్పెల్లింగ్‌తో ఉన్న పంక్తి ఆ వెతుకులాటలో తేలదు. రాసి ఉండీ లేనట్టే.

దిద్దకూడనివి

పరిష్కర్తకు ముందు తెలియాల్సింది ఎక్కడ చేయి పెట్టకూడదో. కార్బెట్ పుటలో ఇదీ స్పష్టంగా ఉంది. బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ ఒప్పే, ఒకదాన్ని ఇంకోదానిగా మార్చనక్కర్లేదు. వాక్యం చివరి చుక్క తర్వాత ఒక ఖాళీయా రెండా అన్న చర్చకు అక్కడ చోటు లేదు. మన బడుల్లో ‘కలర్’ను యూతో రాయమని నేర్పుతారు. యూ లేని రూపం కనిపిస్తే ఎర్ర సిరాతో దిద్దాలనిపిస్తుంది. ఆ చేతిని ఆపుకోవాలి.

తప్పుగానే స్థిరపడిపోయిన పేర్లు ఇంకో రకం. యూనిక్స్‌లో ఫైలు సృష్టించే సిస్టమ్ కాల్ పేరు ‘క్రియేట్’, కాని చివర ఈ లేదు. యూనిక్స్‌ను మళ్లీ తయారుచేస్తే ఏం మారుస్తారని అడిగితే ఆ ఈ చేరుస్తానని దాని సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ అన్నట్టు చెప్పుకుంటారు. లినక్స్‌లోనూ ఆ పేరు అలాగే ఉంది. వెబ్ ప్రమాణంలో ‘రిఫరర్’ అనే మాట ఒక ఆర్ తక్కువగా 1996 నాటి పత్రంలో అచ్చయి, ఇప్పటికీ ప్రతి బ్రౌజరూ ఆ తప్పునే పంపుతోంది. ప్రోగ్రాములు ఆధారపడిన పేరును దిద్దితే ఆ ప్రోగ్రాములు ఆగిపోతాయి. యూజర్‌స్పేస్‌ను, అంటే కెర్నల్ మీద నడిచే ప్రోగ్రాములను, చెడగొట్టకూడదన్నది లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ రాజీపడని నియమం. కాబట్టి పేరును కదపకుండా, చుట్టూ ఉన్న వివరణను మాత్రమే దిద్దాలి.

తాళపత్ర గ్రంథాలు పరిష్కరించిన మన పండితులకు ఈ విచక్షణ కొత్తేమీ కాదు. సీపీ బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి ప్రతులను పక్కపక్కన పెట్టి సరిచూపించినా, మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుడి కుమారసంభవాన్ని తొలిసారి అచ్చుకు తెచ్చినా, ప్రశ్న ఒక్కటే: ఇది లేఖక దోషమా, కవి ప్రయోగమా? వాళ్లకు లేనిది, కెర్నల్ పరిష్కర్తకు ఉన్నది ఒకటుంది. 2005లో టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ ప్రతి మార్పునూ, ఎవరు ఎందుకు చేశారన్న మాటతో సహా దాస్తుంది. పాఠాంతరాలన్నీ చెదలు తగలకుండా దొరుకుతాయి.

‘మే నాట్’

ఇప్పుడు అసలు విషయం. కెర్నల్‌లో ‘నిద్రపోవడం’ అంటే నడుస్తున్న ప్రాసెస్ సీపీయూను వదిలేసి దేనికోసమో వేచి ఉండటం. స్పిన్‌లాక్ (ఒకేసారి ఒక్కరే వాడాల్సిన డేటాకు వేసే తాళం) పట్టుకుని ఉన్న కోడ్ నిద్రపోకూడదు. పోతే ఆ లాక్ కోసం మరో సీపీయూ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, యంత్రం బిగుసుకుపోవచ్చు. అందుకే ఒక ఫంక్షన్ నిద్రపోతుందో లేదో చెప్పడం డాక్యుమెంటేషన్ పనుల్లో అతి ముఖ్యమైనది.

అలాంటి చోట ‘దిస్ ఫంక్షన్ మే నాట్ స్లీప్’ అని ఒక వాక్యం ఉందనుకుందాం. స్పెల్లింగ్ సరే, వ్యాకరణం సరే. దీన్ని తెలుగులో చెప్పమంటే రెండు జవాబులు వస్తాయి. ‘ఈ ఫంక్షన్ నిద్రపోకూడదు’ అన్నది ఒకటి. ‘ఈ ఫంక్షన్ నిద్రపోకపోవచ్చు’ అన్నది రెండోది. మొదటిది నిషేధం, రెండోది సంభావన. మొదటి అర్థం తీసుకున్నవాడు స్పిన్‌లాక్ కింద దీన్ని ధైర్యంగా పిలుస్తాడు. రెండో అర్థం తీసుకున్నవాడు పిలవడు, ఎందుకంటే నిద్రపోకపోవచ్చు అంటే పోవచ్చు కూడా. ఇంగ్లిషులో ఒకే మాటలో దాక్కున్న రెండు అర్థాలను తెలుగు క్రియ వేరుచేయక తప్పదు. ‘-కూడదు’, ‘-కపోవచ్చు’ రెంటినీ కలిపి చెప్పే రూపం మనకు లేదు. అనువదించబోయే తెలుగువాడు అక్కడ ఆగి తీరాలి. ఇంగ్లిషు మాతృభాష అయినవాడు ఒక అర్థం పట్టుకుని ముందుకెళ్లిపోతాడు, ఇంకో అర్థం ఉందని కూడా తట్టదు.

ప్రమాణపత్రాలు రాసేవారికి ఈ చిక్కు తెలిసినట్టుంది. ఇంటర్నెట్ ప్రమాణాల్లో ‘మస్ట్’, ‘షుడ్’, ‘మే’ మాటలకు ఖచ్చితమైన అర్థాలు కట్టిపెట్టిన ఆర్‌ఎఫ్‌సీ 2119 (1997)లో ‘మస్ట్ నాట్’ ఉంది, ‘షుడ్ నాట్’ ఉంది, ‘మే నాట్’ మాత్రం లేదు. కెర్నల్ డాక్యుమెంటేషన్‌ను వందలాది మంది ఎవరికి వారు రాశారు. వారిలో చాలామందికి ఇంగ్లిషు రెండో భాషో మూడో భాషో. అందరినీ అలా కట్టిపడేసే నియమం అక్కడ లేదు.

మన వాక్యనిర్మాణం తప్పుదారి పట్టించే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని దాచనక్కర్లేదు. తెలుగులో ‘ఏ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ లేవు. ‘ఏ లాక్’ అంటే ఏదో ఒక లాక్, ‘ద లాక్’ అంటే ముందు చెప్పుకున్న ఆ లాకే. ఈ తేడా మన కంటికి సులువుగా ఆనదు. ‘అన్‌టిల్’ ఇంకో బురదగుంట. ‘లాక్ వదలనంతవరకు’ అని మనం వ్యతిరేకార్థంతో చెప్పేదాన్ని ఇంగ్లిషు ‘అన్‌టిల్ ద లాక్ ఈజ్ రిలీజ్డ్’ అని వ్యతిరేకం లేకుండా చెబుతుంది. అలవాటుకొద్దీ అక్కడ ఒక ‘నాట్’ చేరిస్తే అర్థం తలకిందులవుతుంది. ఈ రెండు రకాల దిద్దుబాట్లు పంపేముందు మరొకరికి చూపించుకోవడం మంచిది.

చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లో కెర్నల్ డాక్యుమెంటేషన్ అనువాదాలు ఆ సోర్సులోనే ఉన్నాయి. తెలుగులో లేవు. భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2021లో వీలు కల్పించింది, అందులో తెలుగూ ఉంది. మొత్తం అనువదించే దాకా ఆగనక్కర్లేదని నా ప్రతిపాదన. ఒక పుట తీసుకుని తెలుగులోకి మార్చబోతే చాలు, కలం ఆగిన ప్రతి చోటా మూలంలో ఒక సందిగ్ధత బయటపడుతుంది. ఆ చోట్ల జాబితా అనువాదం కన్నా ముందే కెర్నల్‌కు ఉపయోగపడుతుంది. కాలేజీ ల్యాబులో ఇద్దరు ముగ్గురు కూర్చుని చేసుకోగల పనే ఇది.

ఒక వాక్యాన్ని దిద్దడం

చివరికి ఆ ‘మే నాట్’ను ఎలా మార్చాలి? ‘మస్ట్ నాట్’ అనా, ‘డజ్ నాట్’ అనా, ‘మైట్ నాట్’ అనా? ఇది నిఘంటువు తేల్చదు, వ్యాకరణ పుస్తకమూ తేల్చదు. ఫంక్షన్ లోపలికి వెళ్లి చూడాలి. అందులో ‘మైట్ స్లీప్’ అనే పిలుపు ఉంటే రచయిత ఇది నిద్రపోవచ్చని ప్రకటించినట్టే. డీబగ్ ఆప్షన్ పెట్టి కట్టిన కెర్నల్‌లో, నిద్రపోకూడని సందర్భంలో ఆ పిలుపు దాకా వస్తే లాగ్‌లో హెచ్చరిక పడుతుంది. మ్యూటెక్స్ అనే ఇంకో రకం లాక్ కోసం ఆగుతోందా, మెమరీని ‘జీఎఫ్‌పీ కెర్నల్’ జెండాతో అడుగుతోందా చూడాలి, ఆ రెండూ నిద్రపోగలవు. ‘జీఎఫ్‌పీ అటామిక్’ అయితే నిద్రపోదు. తర్వాత దీన్ని పిలిచే చోట్లన్నీ గ్రెప్ చేసి, వాటిలో ఎవరైనా స్పిన్‌లాక్ పట్టుకుని పిలుస్తున్నారేమో చూడాలి.

ఇదంతా అయ్యాక మార్చేది ఒక్క మాటే. డాక్యుమెంటేషన్‌ను వెబ్ పుటలుగా కట్టే ‘మేక్ హెచ్‌టీఎంఎల్‌డాక్స్’ నడిపి కొత్త హెచ్చరికలు రాలేదని చూసుకోవాలి. కమిట్ సందేశంలో ‘టైపో దిద్దాను’ అని రాయకూడదు, ఎందుకంటే ఇది టైపో కాదు. ఈ వాక్యం రెండు విధాలుగా చదవడానికి వీలుందని, ఫలానా ఫంక్షన్ ఫలానా చోట మ్యూటెక్స్ తీసుకుంటుంది కాబట్టి రెండింట్లో ఇదే సరైనదని రాయాలి. ఆ కింద సైన్డ్ ఆఫ్ బై పంక్తిలో పేరు. కోడ్ లోపల చూసినప్పుడు అది నిద్రపోతుందని తేలి, పిలిచే చోట్లలో ఒకటి స్పిన్‌లాక్ కింద ఉందని కనబడితే, ఇక పంపాల్సింది డాక్యుమెంటేషన్ ప్యాచ్ కాదు, బగ్ రిపోర్టు.