ఇన్నర్ వీల్ నూరేళ్ళూ, మన బందరూ

మా పాలకొల్లు వైపు ఇన్నర్ వీల్ అంటే "రోటరీ వాళ్ళ ఆవిడల క్లబ్బు" అనేస్తారు. తప్పేం కాదు, మొదలైంది అలాగే. 1923 నవంబరులో మాంచెస్టర్లో రోటరీ సభ్యుల భార్యలు 27 మంది సమావేశమయ్యారు. ఎక్కడో తెలుసా? ఓ టర్కిష్ స్నానశాల గదిలో! అద్దె లేకుండా దొరికింది మరి :) 1924 జనవరి 10న క్లబ్బు పుట్టింది. మన దేశానికి 1955లో అహ్మదాబాద్ మీదుగా వచ్చింది. 2024తో నూరేళ్ళు నిండాయి.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. దీన్ని మొదలెట్టిన మార్గరెట్ గోల్డింగ్ గారు నర్సు, పైగా నర్సుల దుస్తుల వ్యాపారం సొంతంగా నడిపినావిడ. రోటరీ అంటేనే వ్యాపారులూ, వృత్తుల్లో ఉన్నవాళ్ళూ కదా, అయినా ఆవిడకి అందులో చోటు లేదు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు మొట్టికాయ వేశాక, 1989లో గానీ ఆడవాళ్ళకి తలుపు తియ్యలేదు.

ఇంతకీ మనవాళ్ళ సంగతి? 1902లోనే బందరులో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ గార్లు బృందావన స్త్రీ సమాజం పెట్టారు. మాంచెస్టర్ కన్నా ఇరవయ్యేళ్ళు ముందు, ఏ మగవాళ్ళ క్లబ్బుకీ తోకగా కాకుండా. అచ్చమాంబ గారు అక్కడితో ఆగలేదు, ఊళ్ళు తిరిగి మరికొన్ని సమాజాలు పెట్టించారు. 1905లో పోయేనాటికి ఆవిడ వయసు ముప్పై.