విరిగిన కర్ర ఎవరిది?



2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. పేరు మన ఉర్దూ పదమే, సీతాకోకచిలుక. అది చేసిన పని మాత్రం ఉద్దానం ఇంకా మర్చిపోలేదు. కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా నేలకొరిగాయి. జీడి తోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. కొన్ని రోజుల తర్వాత నేను సుమ్మాదేవి చేరేసరికి మా మామూ వాకిట్లో కూర్చుని గొడ్డళ్ళకి కామలు వేస్తున్నారు. ఊరంతా పడిపోయిన చెట్లు నరుకుతోంది, రోజూ ఎవరిదో ఒక కామ విరుగుతోంది.

ఆయన పని చూస్తూ కూర్చున్నాను. కన్నంలో ఇరుక్కుపోయిన పాత కర్రముక్క రాకపోతే నిప్పు మీద పెడతారు. అయితే గొడ్డలి వాదర వైపు తడిమట్టిలో పూడ్చిపెట్టి కన్నం వైపు మాత్రమే కాలుస్తారు. వాదరకి వేడి తగిలితే పదును నిలవదట. తర్వాత ఆరిన కర్రని చెక్కి బిగించి, పైన చీలిక కొడతారు.

"కామ విరిగితే గొడ్డలి పారేస్తామా బేటా?" అని, ఏదో గుర్తొచ్చినట్టు అటక మీదున్న గుడ్డమూట దింపమన్నారు. అందులో ఒక గోల్ఫ్ కర్ర ఉంది. ఇనుప తలకాయ ఒకటి, దానికి బెత్తెడు పైన విరిగిన స్టీలు గొట్టం ఇంకొకటి. జవానీలో మామూ రైలెక్కి ఒక పెద్ద పట్నం వెళ్ళి, కొన్నేళ్ళు గోల్ఫ్ ఆడే సాహెబుల సంచులు మోశారు. గురి తప్పిన కోపంలో ఒక సాహెబ్ కర్రని నేలకేసి కొడితే విరిగిందట. అక్కడే పారేసి పోయాడట. మామూ రెండు ముక్కలూ ఏరుకుని తెచ్చుకున్నారు. ఏ క్లబ్బో, ఏ సాహెబో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

"దీనికి కామ వెయ్యగలవా?" అన్నారు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, వార్తలు రాసుకునే నాకు సుత్తి పట్టడం కూడా సరిగ్గా రాదు. అయినా హా అనేశాను. నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో దొరికిన తారీఖే ఈ వ్యాసం.

కర్రతో బంతిని కొట్టే ఆటలు మన జమానాకి కొత్తవి కావు. స్కూల్లో ఫార్సీ షేర్లు బట్టీ పట్టినప్పుడు 'గోయ్', 'చౌగాన్' అనే మాటలు ఎన్నిసార్లు వచ్చేవో. గోయ్ అంటే బంతి, చౌగాన్ అంటే వంపు తిరిగిన కర్ర, దాంతో గుర్రం మీద ఆడే ఆట కూడా. ఢిల్లీ సుల్తాన్ కుత్బుద్దీన్ ఐబక్ 1210లో లాహోర్‌లో చౌగాన్ ఆడుతూనే గుర్రం మీంచి పడి చనిపోయాడు. అక్బర్ బాద్షాకి ఈ ఆట పిచ్చి. చీకటి రాత్రుల్లో కూడా ఆడేవాడని అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో రాశాడు. రాత్రి ఆటకి బంతిని పలాశ కర్రతో చేసి నిప్పంటించేవారట. అది తేలికగా ఉంటుంది, చాలాసేపు మండుతుంది. పలాశ అంటే మన మోదుగే. పలాస స్టేషన్ దాటి సుమ్మాదేవి వెళ్ళే మనిషికి ఈ మాట చదివితే నవ్వు రాక మానదు.

అబుల్ ఫజల్ ఇంకో సంగతి కూడా రాశాడు, నాకు కావలసింది అదే. బాద్షా చౌగాన్ కర్రల కొసలకి బంగారు, వెండి గుబ్బలు పెట్టించాడు. ఆటలో కర్ర విరిగితే, ఆ ముక్కలు ఏ ఆటగాడి చేతికి దొరికితే వాడివే. విరిగినది ఏరుకున్నవాడి హక్కు. కాకపోతే దర్బారు ఆటలో ఏరుకునేవాడు కూడా ఆటగాడే. మామూ ఆటలో ఏరుకున్నవాడు మోసేవాడు మాత్రమే.

అంగ్రేజుల గోల్ఫ్ మన గడ్డ మీదికి కలకత్తా దారిన వచ్చింది. రాయల్ కల్కత్తా గోల్ఫ్ క్లబ్ 1829లో పుట్టింది. బ్రిటిష్ దీవుల బయట అంతకంటే పాత క్లబ్బు లేదు. విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ తన పుట్టుకని 1884గా చెప్పుకుంటుంది. మన సుమ్మాదేవి మీదుగా పోయే ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం 1893 - 1896 మధ్య పడింది. ఆ దారినే ఉద్దానం మనుషులు రోజీ వెతుక్కుంటూ అటు కలకత్తా వైపు, ఇటు విశాఖ వైపు పోయారు.

ఆ కాలంలో గోల్ఫ్ కర్రకి కామ నిజంగా కర్రే. స్కాట్లాండ్‌లో మొదట యాష్, హేజెల్ చెట్ల కర్ర వాడేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి హికరీ వచ్చి వాటిని తోసేసింది. గట్టిగా ఉంటూనే వంగి తిరిగొచ్చే గుణం దానిది. చెక్క తలకాయలకైతే కర్రనీ తలనీ ఏటవాలుగా కోసి, జిగురుతో అతికి, తారు పూసిన దారం చుట్టేవారు. ఇనుప తలకాయలకి గొట్టంలో దించి, అడ్డంగా చిన్న మేకు కొట్టేవారు. ఒకే చెట్టు నుంచి వచ్చిన రెండు కర్రలు కూడా ఒకేలా వంగవు. ఏ కర్ర ఏ తలకి నప్పుతుందో చేత్తో వంచి చూసి చెప్పేవాడే ఉస్తాద్.

తర్వాత స్టీలు గొట్టాలు వచ్చాయి. ఆట రూల్సు రాసే సెయింట్ ఆండ్రూస్ పెద్దలు 1929లో వాటిని ఒప్పుకున్నారు. 1930లో బాబీ జోన్స్ ఒకే ఏడాది నాలుగు పెద్ద పోటీలు గెలిచింది ఇంకా హికరీతోనే. మరుసటి ఏడాదే బిల్లీ బర్క్ స్టీలు కర్రలతో అమెరికా ఓపెన్ గెలిచాడు. అంతే, జమానా మారిపోయింది. 1970ల్లో గ్రాఫైట్ వచ్చింది. కర్ర వంచి చూసే ఉస్తాద్ హునర్ అక్కరలేకుండా పోయింది. కానీ అదే మార్పుతో ఇంకో తలుపు తెరుచుకుంది. గొట్టాలన్నీ కొలత ప్రకారం వస్తాయి కాబట్టి, కొలవడం తెలిసి సబ్ర్ ఉంటే నాలాంటివాడు కూడా ఇంట్లో మార్చుకోవచ్చు.

నేను హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో రెండు పాత కర్రలు కొన్నాను. తలకాయలో దిగే కొస స్టీలు గొట్టాల్లో ముఖ్యంగా రెండు కొలతల్లో ఉంటుంది. ఒకటి సమానంగా ఉండే రకం, దాదాపు 9.4 మిల్లీమీటర్లు. రెండోది కొసకి పోయేకొద్దీ సన్నబడే రకం, కొసన దాదాపు 9 మిల్లీమీటర్లు. మామూ కర్రది ఏ కొలతో తెలియక రెండూ పట్టుకుని జనవరిలో సుమ్మాదేవి వెళ్ళాను.

పద్ధతి ఇది. తలకాయని వైస్‌లో గుడ్డ చుట్టి బిగించాలి. గొట్టం దిగిన మెడని హీట్ గన్‌తో వేడి చేస్తే లోపలి జిగురు మెత్తబడుతుంది. అప్పుడు స్టీలు ముక్కని పట్టుకారుతో తిప్పుతూ లాగాలి. గ్రాఫైట్ అయితే వేడి తక్కువ పెట్టాలి, తిప్పకుండా తిన్నగా లాగాలి, లేకపోతే పీచులు పీచులుగా చీలుతుంది. పొగ పీల్చకుండా ఆరుబయట చేయాలి.

నేను వేడి చేశాను, తిప్పాను, చెమటలు కారాయి, ముక్క కదల్లేదు. మామూ కళ్ళద్దాలు పెట్టుకుని మెడ మీద వేలితో తడిమారు. "ఇక్కడ మేకుంది, కనబడలేదా?" అన్నారు. చుక్కంత మేకు, పైన అరగదీసి కనబడకుండా చేసినది. హికరీ కాలం నాటి ఆ మేకు స్టీలు వచ్చాక కూడా కొన్నేళ్ళు కొనసాగింది. నేను చదివిన సంగతే, చేతిలో ఉన్న కర్రలో మాత్రం చూడలేకపోయాను. సన్నటి సీల పెట్టి రెండు దెబ్బలు కొడితే మేకు ఊడింది, ఆ తర్వాత ముక్క మాట విన్నది.

మిగతా పని తేలికే. మెడ లోపల ఇనుప బ్రష్షుతో శుభ్రం చేశాం. 9 మిల్లీమీటర్ల కొస సరిగ్గా దిగింది. కొసని అంగుళం పైగా ఎమరీ పేపరుతో గరుకు చేశాం, నున్నగా ఉంటే జిగురు పట్టదు. రెండు ట్యూబుల ఎపాక్సీని సమానంగా కలిపి, రెండు వైపులా పూసి, తిప్పుతూ దించి, పొంగిన జిగురు తుడిచేశాం. ఒక పగలూ ఒక రాత్రీ గోడకి ఆనించి కదపకుండా వదిలేశాం.

ఆ రాత్రి మామూకి అలీ షేర్ గురించి చెప్పాను. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో, పాత మక్బరాల మధ్య ఉన్న ఆ మైదానంలో, క్యాడీగా మొదలైన మనిషి. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అతనే. 1993లో మళ్ళీ గెలిచాడు. రాయల్ కల్కత్తా క్లబ్‌లో గడ్డి చూసుకునే మాలీ కొడుకు చౌరాసియా 2016లో, 2017లో అదే ఇండియన్ ఓపెన్ గెలిచాడు. మోసేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు ఆట నేర్చుకున్నది ఎవరో నేర్పితే కాదు, చూసి చూసి.

మామూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాళ్ళ చేతికి కర్ర వచ్చింది" అన్నారు.

దావూద్ అలైహిస్సలాం తన చేతి కష్టంతోనే తినేవారని హదీసులో ఉంది. ఆయన కోసం అల్లాహ్ ఇనుముని మెత్తన చేశాడని సూరె సబాలో ఉంది. చేతిపనిని మన దీన్ ఎంత ఇజ్జత్‌తో చూసిందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా మన ఖాందాన్ల తారీఖ్ అడిగితే నవాబుల పేర్లు చెబుతాం, చౌగాన్ ఆడిన బాద్షాల పేర్లు చెబుతాం. ఆ కర్రలు చెక్కినవాళ్ళ పేర్లు అబుల్ ఫజల్ రాయలేదు. సంచులు మోసిన మా మామూ పేరు ఏ క్లబ్బు గోడ మీదా లేదు.

మర్నాడు అసర్ తర్వాత, కొబ్బరి చెట్లు పడిపోయి మైదానంలా మిగిలిన చోటికి వెళ్ళాం. పిల్లలు టెన్నిస్ బంతి తెచ్చారు. డెబ్బై దాటిన మామూ కర్ర పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ తీరు చూసి "ఎన్నేళ్ళు ఆడారు?" అన్నాను.

"ఆడలేదు. చూశాను."

కొట్టారు. పిల్లలంతా బంతి వెనకాల పరిగెత్తారు. మామూ అటు చూడనేలేదు. కర్రని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, నేను అతికిన చోట గోటితో గీకి చూశారు. కదల్లేదు. అల్ హందులిల్లాహ్.

మీ ఇళ్ళలోనూ అటక మీద ఇలాంటి గుడ్డమూట ఏదో ఉంటుంది. దింపి, అదేమిటో మీ బుజుర్గులని అడగండి, వాళ్ళు చెప్పగలిగిన రోజుల్లోనే. మా మామూని దువాలో గుర్తుంచుకోండి.