ఆముదం తాగిన క్లచ్

పిండిమరలో బెల్టు ఎప్పుడైనా గమనించారా? రాయిని ఆపాలంటే ఇంజను ఆపక్కర్లేదు. బెల్టును పక్కనున్న ఉత్తచక్రం మీదికి జరిపితే సరి. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడుచక్రాల కారులో క్లచ్ పని చేసే బెల్టూ ఇంచుమించు అలాంటిదే.

ఆ కారుని 1888 ఆగస్టులో, మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని ఆయన భార్య బెర్తా బయటికి తీసింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వంద కిలోమీటర్ల పైమాటే! పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. అరిగేచోట అరిగేదాన్నే వేసి, అరిగాక మార్చుకోవడం. క్లచ్‌దీ అదే సూత్రం.

తర్వాతి కార్లలో శంఖువు ఆకారపు క్లచ్, దానికి తోలు తొడుగు. తోలు బిరుసెక్కితే బండి గుర్రంలా ఎగిరేది. అప్పుడు ఆముదం పట్టించేవారట! జిడ్డెక్కి జారితే ఫుల్లర్స్ ఎర్త్ చల్లేవారు. అంటే మనం మొహానికి పూసుకునే ముల్తానీ మట్టి లాంటిదే. ఇంత సింగారం అడిగే వస్తువుని మగవాళ్ళ సొత్తు అంటారెందుకో!

క్రమంగా తోలు పోయి పొడి పళ్ళెం వచ్చింది. 1957 నుంచి 2014 దాకా తయారైన మన అంబాసిడర్‌లోనూ అదే. దాని పూతలో చాలాకాలం ఆస్బెస్టాస్ నార కలిపేవారు. ఆ ధూళి పీల్చిన పనివాళ్ళ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక గాని లోకానికి కళ్ళు తెరుచుకోలేదు.

"అమ్మగారు నడిపే బండి కదండీ, క్లచ్ ఎక్కడాగుతుంది?" అన్నాడో మెకానిక్, నా ఎదురుగానే, మావారితో. మావారు ముసిముసి నవ్వులు. నాకు ఒళ్ళు మండింది. ఎడమకాలు పెడలు మీద పీటలా ఆనించి కూర్చునేది ఎవరో నాకు తెలియదూ? పూర్తిగా తొక్కినా, పూర్తిగా వదిలినా పళ్ళెం అరగదు. మధ్యలో జారేటప్పుడే అరుగుతుంది. అందుకే ఒక క్లచ్ 50 వేల కిలోమీటర్లకే చతికిలబడుతుంది, మరొకటి లక్షన్నర దాటినా పలుకుతుంది. ఎక్కుడులో బండిని హాఫ్ క్లచ్‌తో నిలబెట్టే కాలు ఆడదైతేనేం, మగదైతేనేం?

ఇంజను అరుస్తున్నా బండి వేగం అందుకోకపోయినా, మాడు వాసన వచ్చినా, పెడలు బాగా పైకొచ్చాక గాని బండి కదలకపోయినా అనుమానించాలి. ఎదుట ఎవరూ లేనిచోట హ్యాండ్‌బ్రేకు లాగి, బ్రేకు తొక్కిపట్టి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను టప్పున ఆగితే ఇంకా ఆయుష్షున్నట్టే. ఆ రోజు అక్కడే చేసి చూపించాను, ఆగింది. ఆగకుండా తిరిగితే మాత్రం మార్చాల్సిందే. గేరుబాక్సు దింపే కూలీ ఒక్కటే కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ ఒకేసారి వేయించండి. పాత ప్లేటు అడిగి చూడండి, రివెట్లు తేలాయో లేదో.