ఎవుడి వైరూ వొద్దు

కరెంటు ఏ ఊరికి ఏ సంవత్సరం వచ్చిందో ప్రభుత్వం లెక్క రాసుకుంటుంది. ఏ గోడ దాకా వచ్చి ఆగిపోయిందో రాసుకోదు. విజయనగరం జిల్లాలో మా పేట పాటకి ఆ గోడతోనే తగువు.

మా అయ్య డప్పుకి కరెంటు అక్కర్లేదు. అలాగని ఊరికే మోగదు, దానికీ కాక కావాలి. మంచుకి తోలు సాగిపోతే డప్పు బొదబొదమంటుంది. గడ్డి మంటేసి కాస్తే బిగిసి ఖణేల్మంటుంది. చల్లారితే మళ్ళీ మంట. పెళ్ళికైనా చావుకైనా మావాళ్ళు ముందు ఎండుగడ్డి ఎక్కడుందో చూసుకునేవారు. సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళ పోరాటంలో కథ చెప్పిన జముకుకీ అంతే, తోలూ తీగా చాలు. ఆయన్ని 1969 డిసెంబరులో కాల్చి చంపారు. అప్పటికే పాట ఊళ్ళు దాటేసింది.

మరి మైకు దేనికని మీరడగొచ్చు. డప్పుల మధ్య ఆడదాని గొంతు వినపడదు గనక. మా అమ్మా, మా అప్పా ఊడుపుల్లో పాడిన పాటలు మడి గట్టు దాటాయి గానీ ఏ సభా ఎక్కలేదు.

2001లో నేను ఏడో తరగతి. అంబేద్కర్ జయంతికి గొట్టం మైకు అద్దెకి తెచ్చారు. 1988–89లో మొదలైన కుటీర జ్యోతి పథకం పుణ్యాన పేటలో ఇంటికో బల్బు ఉండేది, ప్లగ్గు మాత్రం ఏ గోడకీ లేదు. ఊళ్ళో ఓ పెద్దింటి అరుగు మీంచి వైరు లాగారు. అమ్మ పాట ఎత్తుకుంది. మొదటి చరణం అయ్యేసరికి గొట్టం మూగబోయింది. కరెంటు పోయిందనుకున్నాం. చూస్తే ఊళ్ళో దీపాలన్నీ వెలుగుతున్నాయి. అయ్య వెళ్ళి అడిగితే, "నా కరెంటుతో నాకే పాఠాలు సెప్తార్రా?" అన్నాడట ఆ ఇంటాయన. అయ్య తిరిగొచ్చి మంటేశాడు. ఆ రాత్రి మగాళ్ళ డప్పులే మోగాయి.

"ఎవుడి వైరూ వొద్దు" అన్నది అమ్మే. మర్నాటి నించే చందాలు. ఏడాది తిరిగేసరికి ఓ పాత ట్రాక్టరు బ్యాటరీ, కరెంటు మీదా పన్నెండు వోల్టుల బ్యాటరీ మీదా కూడా పనిచేసే ఓ పాత అహూజా యాంప్లిఫయరు, రెండు గొట్టాలు పేటకొచ్చాయి.

సీసం పలకల్ని గంధకామ్లంలో ముంచి, కరెంటు దాచుకుని మళ్ళీ మళ్ళీ వాడుకునే బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేశాడని ఇప్పుడు నా పిల్లలకి పాఠం చెప్తాను. అప్పట్లో నాకు తెలిసిన శాస్త్రం మా మావయ్య లుంగీకి పడ్డ చిల్లులే. యాసిడ్ ఒలక్కుండా దాన్ని సైకిలు మీద నిలబెట్టి టౌనుకి తీసుకెళ్ళి, రాత్రంతా ఛార్జింగుకి పెట్టి, తెల్లారి తెచ్చేవాడు. అరవై ఆంపియర్ అవర్ల బ్యాటరీ, ఐదు ఆంపియర్లు లాగే పెట్టె. కాగితం మీద పన్నెండు గంటలు రావాలి. పాతది గనక సగం కూడా వచ్చేది కాదు. అందుకని ఉపన్యాసాలు తగ్గించి పాటలకి దాచేవాళ్ళం. నన్నడిగితే అది మంచి పనే!

గొట్టం సంగతి కూడా చెప్పాలి. చిన్న కరెంటుకే అది చాలా దూరం వినపడుతుంది, బ్యాటరీ మీద నెట్టుకొచ్చింది అందుకే. కానీ అది పలికేది గొంతునే. డప్పు దరువు దాన్లోంచి వస్తే రేకు డబ్బా కొట్టినట్టుంటుంది. మాకదే మేలయింది. డప్పు తన బలంతో తను మోగింది, మైకు ఆడవాళ్ళకి దక్కింది.

2002 జయంతికి అమ్మ రెండో చరణం నించే ఎత్తుకుంది. అదేటని అప్ప అడిగితే, "మొదటిది నిరుడు ఇనీసినారు గదా" అంది, మైకులోనే.

ఇప్పుడు పేటలో ప్రతి గోడకీ ప్లగ్గుంది. జయంతికి కుర్రాళ్ళు లోపలే బ్యాటరీ ఉన్న చక్రాల స్పీకరు తోసుకొస్తారు. దరువు గుండెల్లో గుద్దుతుంది, పాటలన్నీ ఫోనువే. ఆ పెట్టెకి మైకు పెట్టుకునే కన్నం కూడా ఉంది. మొన్న జయంతికి ఆ కన్నం గురించే మా అప్ప కుర్రాళ్ళతో తగువేసుకుంది.