అమ్మ ఫోన్‌కి వచ్చిన మెసేజ్, ఖమ్మంలో జరిగిన కథ

తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. ఈసారి చరిత్ర మా ఇంట్లోనే దొరికింది.

మా చెల్లికి పదకొండేళ్లు. చిన్నప్పటి నుంచి దానికి టీకాలు వేయించే పిల్లల క్లినిక్ నుంచి అమ్మ ఫోన్‌కి ఒక ఎస్సెమ్మెస్ వచ్చింది. మీ అమ్మాయికి హెచ్‌పీవీ టీకా వేయించే వయసొచ్చింది, రండి అని. అది కూడా ఇంగ్లీషులో! రీచార్జ్ ఆఫర్లకీ, లోన్ ఇస్తామనే మెసేజ్‌లకీ మధ్యలో పడి ఉంది. నేను చదివి చెప్తే అమ్మ ఒకటే అడిగింది: "ఖమ్మంలో ఆడపిల్లలు చనిపోయినారని టీవీలో చూపించినారే, ఆ సూదేనా ఇది?"

నేను నవ్వి కొట్టిపారేయబోయా. తర్వాత కూర్చొని చదివితే, అమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదనిపించింది.

ముందు రెండు ముక్కలు. హెచ్‌పీవీ అనేది వైరస్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దాదాపు ఎప్పుడూ కారణం ఇదే. ఆ సంబంధాన్ని పట్టుకున్నందుకు జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1,24,000 మందికి ఈ క్యాన్సర్ వస్తే, 77,000 మంది చనిపోయారు. వైరస్ సోకకముందే, అంటే చిన్న వయసులోనే, టీకా వేస్తే బాగా పనిచేస్తుంది.

ఇక ఖమ్మం. 2009 జులై. అప్పటికింకా రాష్ట్రం ఒక్కటే. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గార్డసిల్ టీకా మొదలుపెట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్ ఇచ్చింది, టీకాలు మెర్క్ కంపెనీ ఊరికే ఇచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14,000 మందికి వేశారు. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది.

కొన్నాళ్లకి చావుల వార్తలొచ్చాయి. ఖమ్మంలో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గట్టిగా అడిగారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం ఆపేసింది. విచారణ కమిటీ చూస్తే ఒకరు నీళ్లలో మునిగారు, ఒకరిని పాము కరిచింది, ఒకరికి మలేరియా ముదిరింది, ఇలా దేనికదే వేరే కారణం. ఒకట్రెండు కేసుల్లో కారణం అంత స్పష్టంగా తేలలేదు, అయినా టీకాతో ముడిపెట్టే ఆధారమైతే దొరకలేదు. అమ్మ ప్రశ్నకి జవాబు ఇదే.

కానీ కథ ఇక్కడ ఆపేస్తే అబద్ధం చెప్పినట్టే. అదే విచారణలో ఇంకోటి బయటపడింది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు! ఇంకో 1,948 మీద వేలిముద్రలు. పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో ఉండే గిరిజన పిల్లలు. అమ్మానాన్నలు ఎక్కడో ఊర్లో ఉంటారు, బిడ్డకి ఏం సూది వేశారో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం పాత్‌నీ, ఐసీఎంఆర్‌నీ కడిగేసింది. నన్నడిగితే టీకా మీద భయం పుట్టింది మందు వల్ల కాదు, ఆ వార్డెన్ సంతకాల వల్ల. అడగకుండా చేస్తే మంచిపని మీద కూడా అనుమానం వస్తుంది కదా.

ఇక్కడ చరిత్ర ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. అదే 2009లో డాక్టర్ శంకరనారాయణన్ బృందం వేరే అధ్యయనం నడుపుతోంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని. దేశంలో చాలా చోట్ల నడిచింది, హైదరాబాద్ కూడా అందులో ఉంది. 2010 ఉత్తర్వుతో అదీ ఆగిపోయింది. అప్పటికి టీకా పడిన దాదాపు 17,700 మందిలో 5,000 మంది దాకా ఒక్క డోసుతో మిగిలిపోయారు. అధ్యయనం పాడైపోయిందనుకుంటాం కదా? వాళ్లు ఆ అమ్మాయిల్ని వదల్లేదు, ఏళ్లకేళ్లు చూస్తూనే ఉన్నారు. పదేళ్ల తర్వాత, 2021లో ఫలితం వచ్చింది: ప్రమాదకరమైన 16, 18 రకాల వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఒక్క డోసు కూడా 95 శాతం దాకా కాపాడింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలనే దారి తెరవడానికి పనికొచ్చిన ఆధారాల్లో ఇదొకటి. మన దగ్గర ఆగిపోయిన పని ప్రపంచానికి పనికొచ్చింది!

అయినా మన క్లినిక్‌లలో మామూలుగా 15 ఏళ్లలోపు వాళ్లకి ఆర్నెల్ల తేడాతో రెండు డోసులు వేస్తున్నారు. ఆర్నెల్లు గుర్తుండాలంటే ఎవరో ఒకరు గుర్తుచేయాలి. టీకాలకి ఇలా మెసేజ్‌లు, ఫోన్లు, ఉత్తరాలతో గుర్తుచేస్తే వేయించుకునేవాళ్లు సగటున 8 శాతం పాయింట్లు పెరిగారని 2018 కోక్రేన్ సమీక్ష తేల్చింది. తక్కువేం కాదు. కానీ మెసేజ్ మర్చిపోయినవాళ్లకి గుర్తుచేస్తుంది, భయపడినవాళ్లకి ధైర్యం చెప్పదు. అమ్మ మర్చిపోలేదబ్బా, ఖమ్మాన్ని గుర్తుపెట్టుకుంది.

మా చిత్తూరు, తిరుపతి వైపు క్యాన్సర్ అంటే ఇదివరకు వేలూరు సీఎంసీకి పరుగే. 2022లో అలిపిరి దగ్గర టాటా వాళ్ల క్యాన్సర్ ఆస్పత్రి తెరిచాక దూరం తగ్గింది. కానీ ఆస్పత్రి దగ్గరికొచ్చిందని చెప్పి అమ్మని ఒప్పించలేను కదా.

అందుకే క్లినిక్‌కి ఫోన్ చేసి, మా అమ్మ డాక్టరుతో మాట్లాడాలని అడిగా. అమ్మ మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వచ్చింది. సూది తర్వాత ఏమవుతుంది, జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి, రేపు పిల్లలు పుట్టడానికేమన్నా ఇబ్బందా. డాక్టరమ్మ విసుక్కోలేదు. చెయ్యి నొప్పి, కొంచెం జ్వరం రావచ్చు, కళ్లు తిరిగితే పడకుండా పదిహేను నిమిషాలు కూర్చోబెడతాం, పిల్లలు పుట్టడానికి ఏ ఇబ్బందీ ఉండదు అని చెప్పింది. చెల్లిని కూడా, "నీకు ఇష్టమేనా?" అని అడిగింది. అది తలూపింది. తర్వాత అమ్మ సంతకం పెట్టింది, తన పేరుతో.

బయటికొచ్చేటప్పుడు కౌంటర్‌లో చెప్పా, మెసేజ్ తెలుగులో పంపండి, కింద ఫోన్ నంబర్ పెట్టండి అని. చూస్తామన్నారు. ఇంటికొచ్చి రెండో డోసు తేదీని టీటీడీ క్యాలెండర్‌లో గుర్తు పెడదామని అమ్మ పేజీలు తిప్పింది. ఆ తేదీ వచ్చే ఏడాదిలో పడుతుంది, ఆ క్యాలెండర్ ఇంకా రాలేదు. "అయితే మెసేజ్ రావాల్సిందే" అంది.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మీ ఇంట్లో అమ్మావాళ్లు ఏమడిగారో కింద కామెంట్లలో రాయండి. ఉంటా.